ఎండాకాలంలో టైర్లలో గాలి తగ్గించాలా?



ఈ నెలాఖరుకు పరీక్షలు, ప్రోగ్రెస్ కార్డులు అన్నీ పూర్తయి పిల్లలకు సెలవులు వస్తున్నాయి. ఒకరు అమ్మమ్మగారి ఊరికి, ఒకరు తిరుపతికి, ఇంకొకరు అరకుకి. మీలో చాలామంది సొంత కారులోనే బయల్దేరతారు. వెళ్లేటప్పుడు సూట్‌కేసులు, వచ్చేటప్పుడు ఆవకాయ జాడీలు, మామిడిపండ్ల బుట్టలు, బియ్యం బస్తా. డిక్కీ నిండిపోతుంది, వెనక సీట్లో ముగ్గురు పిల్లలు సర్దుకుంటారు, బయట 43 డిగ్రీల ఎండ.

నేను హైస్కూల్ పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెబుతాను. అందుకేనేమో, ఈ రోజుల్లో పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినవారిలో ఎవరో ఒకరు తప్పకుండా ఈ ప్రశ్న అడుగుతారు. "ఎండాకాలం కదా మేడమ్, టైర్లలో గాలి మూడు నాలుగు పాయింట్లు తగ్గిస్తే మంచిదంటారు. నిజమేనా?"

జవాబు ముందే చెప్పేస్తాను. తగ్గించకూడదు. కంపెనీ చెప్పినదానికన్నా గాలి తగ్గిస్తే టైరు మరింత వేడెక్కుతుంది, పేలే అవకాశం పెరుగుతుంది. మంచి ఉద్దేశంతో చేసే ఈ పని మనం దేనికి భయపడుతున్నామో దాన్నే దగ్గరికి తెస్తుంది. ఎందుకో, మరి ఏం చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం.

టైరుకు వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఎండకు కాగిన రోడ్డు నుంచి కొంత వేడి వస్తుంది. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు పైభాగం 60 డిగ్రీలకు చేరగలదు. కానీ టైరు తనంతట తానుగా కూడా వేడి పుట్టిస్తుంది. ఆ సంగతి చాలామందికి తెలియదు.

ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. సన్నని ఇనుప తీగను పట్టుకొని ఒకేచోట అటూ ఇటూ పదిహేనుసార్లు వేగంగా వంచండి. వంచిన చోట వేలితో తాకితే చురుక్కుమంటుంది. మీరు వంచడానికి పెట్టిన శక్తిలో కొంత వేడిగా మారింది. టైరులో జరిగేది కూడా ఇదే. టైరు కింది భాగం రోడ్డుకు ఆనినప్పుడు కారు బరువుకు నొక్కుకుపోతుంది. అక్కడి నుంచి పైకి లేవగానే మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ టైరులోని ప్రతి భాగం ఇలా ఒకసారి వంగి, ఒకసారి నిటారవుతుంది.

ఎన్నిసార్లు? మన కార్లలో చాలా వాటికి ఉండే 185/65 ఆర్15 సైజు టైరును తీసుకుందాం. దాని చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. అంటే కిలోమీటరుకు 510కి పైగా చుట్లు తిరుగుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు వేసుకుంటే, ఒక్క వైపు ప్రయాణంలోనే దాదాపు లక్షా 38 వేల సార్లు వంగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 సార్లు.

గాలి సరిపడా ఉన్న టైరు ప్రతిసారీ కొద్దిగానే వంగుతుంది. గాలి తగ్గిన టైరు పక్క భాగం బాగా నొక్కుకుపోయి ఎక్కువగా వంగుతుంది. వంగుడు ఎక్కువైతే వేడీ ఎక్కువే. టైరు అంటే ఉత్త రబ్బరు ముద్ద కాదు. లోపల గట్టి దారాల పొరలు, సన్నని ఉక్కు తీగల పొరలు ఉంటాయి. వేడి హద్దు దాటితే రబ్బరుకూ ఆ పొరలకూ మధ్య పట్టు సడలుతుంది. చలికాలంలో అయితే ఈ వేడి కొంతైనా బయటి గాలిలోకి పోతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అదీ సరిగ్గా పోదు. చివరికి ఎక్కడో ఒకచోట పొర ఊడి, టైరు పెద్ద చప్పుడుతో పేలుతుంది.

దీనికి మరో మూడు తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. హద్దు మించిన బరువు, ఎక్కువ వేగం, పాతబడిన లేదా దెబ్బతిన్న టైరు. సెలవుల ప్రయాణంలో ఈ నాలుగూ ఒకేసారి కలిసే అవకాశం ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

"వేడికి గాలి వ్యాకోచిస్తుంది కదా?"

ఇది మంచి ప్రశ్నే. వేడికి టైరులో పీడనం పెరుగుతుందన్నది నిజం. ఎంత పెరుగుతుందో లెక్క చేసి చూద్దాం. పై తరగతుల పిల్లలుంటే ఈ లెక్క వాళ్లకే ఇవ్వండి.

ఉదయం టైరు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గాలి 33 పీఎస్‌ఐ అనుకుందాం. గేజ్ చూపించేది బయటి వాతావరణ పీడనం కన్నా ఎంత ఎక్కువ ఉందన్నది మాత్రమే. కాబట్టి దానికి 14.7 కలపాలి. మొత్తం 47.7. ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చాలి. 30 డిగ్రీలు అంటే 303 కెల్విన్. ప్రయాణంలో టైరులోని గాలి 60 డిగ్రీలకు చేరితే 333 కెల్విన్. ఘనపరిమాణం మారకపోతే వాయువు పీడనం కెల్విన్ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. 47.7ను 333తో గుణించి 303తో భాగిస్తే సుమారు 52.4. అందులోంచి 14.7 తీసేస్తే 37.7.

అంటే ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగినా గేజ్‌లో పెరిగింది ఐదు పాయింట్ల లోపే. మీ టైరు పక్కన చిన్న అక్షరాలతో గరిష్ఠ పీడనం రాసి ఉంటుంది. కారు టైర్లలో అది చాలావరకు 44 గానీ 51 పీఎస్‌ఐ గానీ ఉంటుంది. 37.7 అన్నది దానికి చాలా దూరంలో ఉంది. పైగా ప్రయాణంలో పీడనం ఇలా పెరుగుతుందని తెలిసే కార్ల కంపెనీలు చల్లటి టైరుకు ఎంత గాలి ఉండాలో నిర్ణయిస్తాయి. ఎండాకాలపు తగ్గింపు మనం విడిగా చేయనక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూడండి. దారిలో ఆగి, వేడిగా ఉన్న టైరులో 38 చూసి, ఎక్కువైందని 33కు దించారనుకోండి. మర్నాడు ఉదయం టైరు చల్లబడ్డాక అదే లెక్క వెనక్కి చేస్తే 29 కూడా ఉండదు. ఆ టైరుతోనే తిరుగు ప్రయాణం, అదీ ఊరి నుంచి తెచ్చే బరువుతో. వేడి టైరులోంచి గాలి తీయకూడదని చెప్పేది అందుకే.

అలాగని నాలుగు పాయింట్లు అదనంగా కొట్టించడమూ సరికాదు. గాలి ఎక్కువైతే టైరు మధ్య భాగమే రోడ్డుకు ఆనుతుంది, పట్టు తగ్గుతుంది, గుంతల్లో దెబ్బ గట్టిగా తగులుతుంది. కంపెనీ ఎంత చెప్పిందో అంత. ఎండాకాలమైనా, వానాకాలమైనా.

ఎంత గాలి ఉండాలి? ఎప్పుడు చూడాలి?

డ్రైవర్ వైపు తలుపు తెరిస్తే కింది అంచు దగ్గర ఒక స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. మాన్యువల్‌లోనూ రాసి ఉంటుంది. ముందు టైర్లకు ఎంత, వెనక టైర్లకు ఎంత, ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు ఎంత, కారు నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఎంత అని విడివిడిగా ఇస్తారు. సెలవుల ప్రయాణానికి మనం చూడాల్సింది నిండు బరువుకు ఇచ్చిన అంకె. చాలా కార్లలో అప్పుడు వెనక టైర్లకు ఎక్కువ గాలి అడుగుతారు. టైరు పక్కన రాసి ఉండే గరిష్ఠ పీడనాన్ని మాత్రం ఈ అంకెగా తీసుకోకండి. అది టైరు తట్టుకోగల హద్దు, మీ కారుకు కావాల్సిన గాలి కాదు.

గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడే. కారు కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, లేదా బంకు దాకా రెండు మూడు కిలోమీటర్లకు మించి నడపకుండా ఉండాలి. ఉదయం పూట, నీడలో ఉన్నప్పుడు చూడటం అన్నిటికన్నా మంచిది. ఎండలో నిలబెట్టిన కారులో ఎండ తగిలే వైపు టైర్లు కొంచెం ఎక్కువ చూపిస్తాయి.

మంచి టైరులో కూడా నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐ గాలి దానంతటదే తగ్గిపోతుంది. అందుకే పదిహేను రోజులకోసారి చూడటం అలవాటు చేసుకోండి. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగానే పెట్టాలి. కానీ అన్ని బంకుల గేజ్‌లూ సరిగ్గా చూపిస్తాయని నమ్మకం లేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న డిజిటల్ గేజ్ కారులో పెట్టుకుంటే ఆ అనుమానం ఉండదు. గాలి పట్టించాక వాల్వ్ మీద చిన్న మూత మళ్లీ పెట్టారో లేదో చూడండి. దుమ్ము పడకుండా కాపాడేది అదే.

కొత్త కార్లలో గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అది ఉండటం మంచిదే. కానీ చాలా కార్లలో గాలి బాగా తగ్గిన తర్వాతే వెలుగుతుంది. లైటు రాలేదంటే గాలి సరిగ్గా ఉన్నట్టేనని అనుకోవద్దు.

నైట్రోజన్ పట్టించాలా?

మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. విడిగా నైట్రోజన్ నింపితే రెండు లాభాలున్నాయి. అందులో తేమ ఉండదు, టైరు నుంచి కాస్త నెమ్మదిగా బయటకు పోతుంది. అయితే వేడికి పీడనం పెరగడంలో మనం పైన చేసిన లెక్కే నైట్రోజన్‌కూ వర్తిస్తుంది. "నైట్రోజన్ ఉంది కాబట్టి ఎండకు ఏమీ కాదు" అన్నది నిజం కాదు. దొరికితే పట్టించండి. దారిలో దొరకకపోతే దానికోసం ఆగి, తక్కువ గాలితో నడపకండి. మామూలు గాలి కలిపినా టైరుకు నష్టం లేదు.

అరుగుదల చెప్పే కబుర్లు

కొత్త కారు టైరు మీద గాడుల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కార్లకు అది 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. కొలిచే పరికరం అవసరం లేదు. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. టైరు అంచున టీడబ్ల్యూఐ అనే అక్షరాలో, చిన్న బాణం గుర్తో ఉన్నచోట చూస్తే కనిపిస్తాయి. టైరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైందంటే మార్చాల్సిన రోజు వచ్చేసింది.

నిజానికి అంతదాకా ఆగకపోవడమే మంచిది. మనం ఊళ్ల నుంచి తిరిగొచ్చేసరికి తొలకరి మొదలవుతుంది. గాడుల పని నీళ్లను పక్కకు తోసేయడం. నున్నబడిన టైరు ఎండిన రోడ్డు మీద బాగానే ఉన్నట్టు అనిపించి, మొదటి వానకే జారుతుంది. జూన్‌లో బడులు తెరిచే రోజులూ, తొలి వానలూ ఒకటేనని గుర్తుంచుకోండి.

టైరు ఎలా అరిగిందో చూస్తే కారణం కూడా తెలుస్తుంది.

• రెండు అంచులూ అరిగి మధ్య భాగం బాగుంటే: చాలాకాలంగా గాలి తక్కువతో నడుస్తోంది.
• మధ్య మాత్రమే అరిగితే: గాలి ఎక్కువగా పెడుతున్నారు.
• ఒకే అంచు అరిగితే: వీల్ అలైన్‌మెంట్ తప్పింది.
• అక్కడక్కడ గుంటలుగా అరిగితే: బ్యాలెన్సింగ్ గానీ సస్పెన్షన్ గానీ చూపించాలి.

ఎనిమిది నుంచి పది వేల కిలోమీటర్లకోసారి టైర్లను ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్పించి, అదే రోజు అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయిస్తే నాలుగు టైర్లూ సమానంగా అరుగుతాయి.

టైరు పక్క భాగాన్ని ప్రత్యేకంగా చూడండి. అక్కడ బుడిపెలా ఉబ్బి ఉంటే లోపలి దారాలు తెగినట్టు. గుంతలో పడినప్పుడో, ఫుట్‌పాత్ రాయికి గుద్దినప్పుడో ఇలా అవుతుంది. దీనికి రిపేరు లేదు, టైరు మార్చడమే. పక్క భాగంలో మేకు దిగినా అంతే. రోడ్డుకు ఆనే భాగంలో చిన్న పంచర్ అయితే వేయించుకోవచ్చు. కానీ గాలి లేకుండా కొంతదూరం నడిచిన టైరును విప్పించి లోపల కూడా చూపించండి. బయటికి బాగున్నా లోపల పక్క భాగం నలిగిపోయి ఉండవచ్చు.

టైరుకూ పుట్టినరోజు ఉంటుంది

"మా కారు పెద్దగా తిరగదండీ, టైర్లు కొత్తవాటిలాగే ఉన్నాయి" అనేవారు ఈ భాగం తప్పక చదవాలి. టైరు తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. ఎండ, గాలి, వేడి కలిసి దాన్ని గట్టిపరుస్తాయి, సన్నని పగుళ్లు వస్తాయి.

టైరు పక్కన డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2122 అని ఉంటే 2022లో 21వ వారం, అంటే మే నెలాఖరులో తయారైందన్నమాట. ఒకవైపు కనిపించకపోతే లోపలి వైపు చూడాలి.

ఐదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవారికి చూపించాలి. ఆరేళ్లు దాటితే గాడులు ఎంత బాగున్నా మార్చమని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి. పదేళ్లు దాటితే స్టెప్నీగా కూడా ఉంచకూడదు. మన ఎండల్లో ఆరుబయట నిలిపే కారు అయితే ముందు అంకెనే పట్టించుకోవడం మంచిది. మెరుపు కోసం టైరుకు డీజిల్, నూనె లాంటివి రాయించకండి. అవి రబ్బరును దెబ్బతీస్తాయి.

కొత్త టైర్లు కొనేటప్పుడు

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. ఇంటర్‌నెట్‌లో వెతికితే "సమ్మర్ టైర్లు" అని కనిపిస్తాయి. మన ఎండాకాలానికి విడిగా కొనాల్సినవని కొందరు అనుకుంటారు. ఆ మాట మంచు కురిసే దేశాలది. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కన్నా తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. అందుకే అక్కడ చలికాలానికి మెత్తటి రబ్బరుతో వేరే టైర్లు వేస్తారు. జర్మనీలో మీ బంధువులెవరైనా ఉంటే అడగండి. రోడ్డు మీద మంచు ఉన్నప్పుడు ఆ టైర్లు లేకుండా నడిపితే అక్కడ జరిమానా. వసంతం రాగానే వాటిని విప్పి సమ్మర్ టైర్లు బిగిస్తారు. మన దగ్గర మామూలుగా అమ్మే కారు టైర్లన్నీ వేడి వాతావరణానికి తగిన రబ్బరుతోనే వస్తాయి. విడిగా సీజన్ టైర్లు అక్కర్లేదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

*సైజు.* 185/65 ఆర్15 88హెచ్ అన్నదాన్ని ఇలా చదవాలి. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే పక్క భాగం ఎత్తు వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. స్టిక్కర్ మీద ఉన్న సైజే వేయించండి. అందం కోసం వెడల్పు పెంచితే మైలేజీ, స్పీడోమీటర్ లెక్క మారతాయి.

*బరువు, వేగం.* 88 అన్నది ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు. 88 అంటే 560 కిలోలు, 85 అంటే 515 కిలోలు, 82 అంటే 475 కిలోలు. చివరి అక్షరం వేగానికి గుర్తు. టీ అంటే 190, హెచ్ అంటే 210 కిలోమీటర్లు. కంపెనీ ఇచ్చిన వాటికన్నా తక్కువ గుర్తులున్న టైరు చవకగా వస్తోందని తీసుకోకండి. ఆ బరువు టైరు మోసేది కూడా సరిపడా గాలి ఉన్నప్పుడే.

*తయారైన వారం.* ఆఫర్ ధర అన్నప్పుడు ముందు ఆ నాలుగు అంకెలు చూడండి. ఏడాదికి మించి పాతదైతే కొత్త స్టాకు అడగండి. అడగటం మన హక్కు.

*ఐఎస్‌ఐ గుర్తు, బిల్లు.* మన దేశంలో అమ్మే కారు టైరుకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. బిల్లు, వారంటీ కార్డు జాగ్రత్త చేయండి. సెకండ్ హ్యాండ్ టైర్ల జోలికి వెళ్లకండి. లోపల ఏ దెబ్బ తగిలిందో బయటికి కనిపించదు.

*రెండే కొంటే ఎక్కడ వేయాలి?* ముందు చక్రాలకు వేయించడం మన అలవాటు. టైర్ల కంపెనీలు మాత్రం కొత్తవి వెనక వేయమంటాయి. తడి రోడ్డు మీద ముందు టైర్లు జారితే వేగం తగ్గించి కారును అదుపులోకి తెచ్చుకోవచ్చు. వెనక టైర్లు జారితే కారు గిరగిరా తిరిగిపోతుంది. ఒకే ఇరుసుకు మాత్రం రెండూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉన్నవి ఉండాలి. కొత్త టైరుతో పాటు వాల్వ్ కూడా కొత్తది వేయించండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి.

డిక్కీలో మరిచిపోయే ఐదో టైరు

వేల్స్‌లోని లానెల్లీ పట్టణంలో స్టెప్నీ అనే వీధి ఉంది. 1904 ప్రాంతంలో అక్కడ ఇద్దరు సోదరులు కార్లకు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. ఆ వీధి పేరే చక్రానికి వచ్చింది, అలా మన దేశానికీ వచ్చి నిలిచిపోయింది. పిల్లలకు చెబితే ఒక ఇంగ్లిష్ మాట పుట్టుక తెలుస్తుంది.

స్టెప్నీలో గాలి చివరిసారి ఎప్పుడు చూశారు? చాలామంది పంచర్ పడ్డ రోజే చూస్తారు. బంకుకు వెళ్లినప్పుడు ఐదో టైరు కూడా చూడమని చెప్పండి. కొన్ని కార్లలో స్టెప్నీ చిన్న సైజులో ఉంటుంది. దానితో గంటకు 80 కిలోమీటర్లు దాటకూడదు. గాలి ఎంత కావాలో కూడా వేరు, దాని మీదే రాసి ఉంటుంది. జాకీ, స్పానర్, ఎర్ర త్రికోణం కారులో ఉన్నాయో లేదో చూసుకోండి. 2020లో వచ్చిన నిబంధన మార్పు వల్ల ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి హెచ్చరిక లైటు, రిపేరు కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. మీ కారు అలాంటిదైతే ఆ కిట్ ఎలా వాడాలో ఇంటి దగ్గరే ఒకసారి నేర్చుకోండి.

దారిలో

వీలైతే తెల్లవారుజామున బయల్దేరి పదకొండు లోపు గమ్యం చేరండి, లేదా నాలుగు దాటాక బయల్దేరండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కుడివైపు లేన్లలో 2023 నుంచి 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉంది. అది గరిష్ఠ హద్దు మాత్రమే. నిండు బరువుతో, ఎర్రటి ఎండలో ఆ వేగాన్ని అందుకోవాల్సిన అవసరం లేదు. రెండు గంటలకోసారి ఆగండి. పిల్లలు నీళ్లు తాగుతుంటే మీరు కారు చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్కో టైరు దగ్గర చేయి పెట్టి చూడండి. మూడింటి కన్నా ఒకటి బాగా వేడిగా ఉంటే దానిలో గాలి తగ్గుతోందని గానీ, బ్రేకు పట్టేస్తోందని గానీ అనుమానించాలి.

వెనక సీట్లో కూడా అందరూ బెల్టు పెట్టుకోవాలి. చట్టం ప్రకారం పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, చైల్డ్ సీటో ఉండాలి. టైరు పేలినప్పుడు కారు పక్కకు లాగుతుంది, పల్టీ కొట్టవచ్చు కూడా. అప్పుడు పిల్లలను సీటులోనే నిలిపి ఉంచేది ఆ బెల్టే. అమ్మ చేతులు ఎంత గట్టిగా పట్టుకున్నా ఆ ఊపుకు ఆగవు.

ఒకవేళ టైరు పేలితే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకొని కారును నేరుగా పోనివ్వండి. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు నెమ్మదిగా తీయండి. వేగం బాగా తగ్గాక ఎడమ అంచుకు తెచ్చి ఆపి, హజార్డ్ లైట్లు వేయండి. పిల్లలను ఎడమ తలుపు నుంచే దింపి, రోడ్డుకు దూరంగా, రెయిలింగ్ ఉంటే దానికి అవతల నిలబెట్టండి. టైరు మార్చడం ఆ తర్వాత.

ప్రయాణానికి ముందు రోజు, పిల్లలతో కలిసి

ఈ జాబితా పిల్లల చేతికి ఇచ్చి, ఒక్కొక్కటీ వాళ్లతోనే టిక్ పెట్టించండి.

1. తలుపు దగ్గరి స్టిక్కర్ చదివి, నిండు బరువుకు ఎంత గాలి కావాలో రాయడం.
2. ఉదయం చల్లటి టైర్లలో గాలి చూసి, ఐదు టైర్ల అంకెలూ రాయడం.
3. తయారైన వారం, సంవత్సరం వెతికి టైరు వయసు లెక్కించడం.
4. గాడుల అడుగున దిమ్మెలు ఎంత లోతులో ఉన్నాయో చూడటం.
5. పక్క భాగాల్లో ఉబ్బు, పగుళ్లు, మేకులు ఉన్నాయేమో చూడటం.
6. వాల్వ్ మూతలు, జాకీ, స్పానర్, త్రికోణం లెక్కపెట్టడం.
7. గమ్యం చేరగానే ఒకసారి, మర్నాడు ఉదయం ఒకసారి గాలి కొలిచి తేడా రాసుకోవడం.

ఏడోది చేసిన పిల్లలు ఆ అంకెలు నోట్‌బుక్‌లో రాసి జూన్‌లో తీసుకురావచ్చు. మనం పైన చేసిన లెక్కతో పోల్చి క్లాసులో చర్చిద్దాం.

ఇదంతా చేయడానికి అరగంట చాలు, ఖర్చు దాదాపు లేదు. ఈసారి బంకులో ఎవరైనా "ఎండాకాలం సార్, కొంచెం తగ్గించి పెట్టమంటారా?" అని అడిగితే, స్టిక్కర్ మీద ఉన్న అంకె చెప్పి అంతే పెట్టమనండి.

మీ అందరికీ హాయైన సెలవులు. పిల్లలందరినీ జూన్‌లో క్లాసులో చూస్తాం.

— ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయురాలు, హైస్కూల్ విభాగం